తండాలో కొత్త కాపురము

దేవరకొండనుండి చందంపేటకు పోవు దారిలోనో, కల్వకుర్తినుండి అచ్చంపేటకు పోవు దారిలోనో ప్రయాణము చేసినవారు తండాలను చూచియే యుందురు. ఊరి పొలిమేర దాటిన పిమ్మట ఎఱ్ఱని చెలక నేలల నడుమ, గుట్ట వారగా, కొన్ని ఇండ్లు ఒక్కచోట గుంపుగా కనబడును. అదే తండా. అందులో ఎక్కడనో ఒక వృద్ధురాలు అద్దాలు, గవ్వలు కుట్టిన పావడ కట్టి, మోచేతికి పైదాక గాజులు ధరించి, అరుగుమీద కూర్చుండి యుండును. బస్సులోనుండి చూచువారు ఆ వేషమును చూచి ముచ్చటపడుదురు. కాని ఆ తండా అక్కడికి ఎప్పుడు వచ్చినది, ఏల వచ్చినది, ఆ నేలమీద మొదటి పొయ్యి ఎవరు పెట్టినారు అని విచారించువారు తక్కువ.

ఆ మొదటి పొయ్యి పెట్టినది చాలచోట్ల ఇంకను పసితనము వీడని ఒక కొత్త కోడలు. పుట్టిన తండాను విడిచి, నిన్న మొన్నటి వరకు కంపగాను, అడవిగాను ఉన్న చోటికి ఆమె కాపురమునకు వచ్చినది. ఆమె ఏమి చేసినది, ఏమి పోగొట్టుకొన్నది, ఆమె శ్రమకు తగిన గుర్తింపు ఎప్పటికి వచ్చినది అను విషయములను గూర్చి ఇక్కడ కొంత ముచ్చటింతము.

ఇటువంటి స్త్రీల కథ ప్రపంచమునకు తెలియనిది కాదు. అమెరికా దేశపు పడమటి మైదానములకు పందొమ్మిదవ శతాబ్దిలో కప్పు బండ్లమీద తరలిపోయిన కుటుంబములను గూర్చి ఎన్నో గ్రంథములు వెలువడినవి. వానిలో లారా ఇంగాల్స్ వైల్డర్ అను రచయిత్రి వ్రాసినవి ప్రసిద్ధములు. ఆమె 1867లో పుట్టినది. 1885లో, పదునెనిమిదవ ఏట, డకోటా మైదానములో ఒక యువ రైతును పెండ్లాడినది. నాలుగేండ్లు తిరుగక ముందే ఆలుమగలిద్దరికి కంఠవాతము సోకినది, పసికందు మరణించినాడు, ఇల్లు తగులబడినది, పంటలు ఎండినవి. ఆ నాలుగేండ్ల కాపురమును గూర్చి ఆమె వ్రాసిపెట్టుకొన్న ప్రతి, ఆమె చనిపోయిన చాల కాలమునకు, 1971లో అచ్చయినది. చదివినవారు ఆ కష్టములకు కంటతడి పెట్టుదురు. అదే కాలమున నల్లగొండ, మహబూబునగరు మెట్టలలో అటువంటి కాపురములే వెలసినవి. కాని ఆ ఇల్లాండ్రు వ్రాయలేదు. వారి భాషకు లిపియే లేదు. వారు పాడినారు, కుట్టినారు, దున్నినారు. అందువలన వారి కథను ఆ పాటలనుండి, ఆ కుట్టుపనినుండి, ఆ చెలకలనుండి ఏరుకొనవలసి యున్నది.

తండా అను మాటకు నేడు మనము గ్రామము అను అర్థము చెప్పుకొనుచున్నాము. పూర్వము దానికి అర్థము వేరు. తండా అనగా బిడారు. కదలి పోవు గుంపు. లంబాడీలు, లేక బంజారాలు, తమను తాము 'గోర్' అని చెప్పుకొందురు. వారు ఎద్దులపై పెరికెలు వేసి ధాన్యము, ఉప్పు, ప్రత్తి ఒక సీమనుండి మరియొక సీమకు చేరవేసెడివారు. సముద్రతీరపు ఉప్పు దక్కను మెట్టలకు చేరినది వారి ఎద్దుల వీపులమీదనే. లంబాడీ అను పేరు లవణ శబ్దమునుండి వచ్చినదని కొందరు చెప్పుటకు కారణము ఇదియే. పదునేడవ శతాబ్దిలో గోలకొండ రాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, పదివేలు, పండ్రెండు వేల ఎద్దులు గల బిడారులు దారిలో ఎదురగుటను గూర్చి వ్రాసినాడు. వారికి ఇండ్లు లేవనియు, ఆలుబిడ్డలను వెంటబెట్టుకొనియే తిరుగుదురనియు కూడ ఆయన గుర్తించినాడు. మొగలు సేనలకును, తరువాత 1791-92లో టిప్పు సుల్తానుపై దండెత్తిన కారన్ వాలిస్ సేనకును ధాన్యము అందించినది ఈ బిడారులే.

ఆ బిడారులో స్త్రీ కేవలము వెంట నడచు మనిషి కాదు. ఆమె ఎద్దులను తోలినది. పెరికెలకు కావలసిన గోనెలు నేసినది. మజిలీ చేరినంతనే మూడు రాళ్లు పేర్చి రొట్టె కాల్చినది. తెల్లవారునప్పటికి అంతయు మూటగట్టి మరల బయలుదేరినది. ఇల్లు అనగా ఆమెకు గోడలు కావు. ఎద్దులు, మూటలు, మనుషులు.

ఈ జీవనము పందొమ్మిదవ శతాబ్దిలో చితికిపోయినది. బండ్లు నడచు బాటలు పడినవి. 1874లో వాడినుండి సికింద్రాబాదుకు రైలు వచ్చినది. ఆ దారియే వరంగల్లు మీదుగా సాగి 1889లో బెజవాడకు చేరినది. పది వేల ఎద్దులు నెలల తరబడి మోయు సరకును పొగబండి కొన్ని దినములలో దింపివేయసాగినది. ఎద్దు బరువు మోయక పోయినను మేత మాత్రము మేయవలెను కదా! బేరము లేని బిడారు నిలిచిపోక తప్పలేదు. కొన్ని తండాలు అంతకు ముందే అక్కడక్కడ స్థిరపడి యుండెను. రైలు వచ్చిన పిమ్మట ఆ నిలిచిపోవుట వేగముగా జరిగినది.

వారు నిలిచిన చోట్లను గమనించినచో ఒక క్రమము కనబడును. నల్లరేగడి నేలలు, చెరువు క్రింది మాగాణులు అప్పటికే ఊళ్లవారి చేతులలో ఉన్నవి. మిగిలినవి గుట్టల వాలులు, రాళ్ల చెలకలు, అడవి అంచులు. దేవరకొండ ప్రాంతపు గుట్టలు, నల్లమల ఉత్తరపు అంచు, అమ్రాబాదు పీఠభూమి క్రింది నేలలు అటువంటివి. అక్కడ పశువులకు మేత ఉన్నది, వంటకు కట్టె ఉన్నది, అడుగువారు తక్కువ. కొన్ని చోట్ల బీడు నేల సాగులోనికి వచ్చునను ఆశతో భూస్వాములే వారిని నిలుపుకొన్నారు. ఊరికి దూరముగా నిలుచుట వారికి కూడ సమ్మతమే. తమ నాయక్ మాట, తమ పంచాయతి తీర్పు, తమ దేవతల కొలుపు తమకు ఉండవలెనని వారి కోరిక. ఆ విధముగా కదలెడి తండా కదలని తండా అయినది. పేరు మాత్రము మారలేదు. ఈనాటికిని అనేక తండాలకు మొదట అక్కడ ఎద్దులు దింపిన నాయక్ పేరే నిలిచి యున్నది.

అటువంటి తండాకు, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో, కాపురమునకు వచ్చిన ఒక పిల్లను మనస్సున ఊహించుకొందము. ఆమెకు మనము పేరు పెట్టవలదు. ఆనాటి రికార్డులలో ఆమెకు పేరు లేదు.

ఆ దినములలో లంబాడీ పెండ్లి ఒక దినపు పని కాదు. వారముల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలకు పైగా సాగెడిదని పెద్దలు చెప్పుదురు. వరుని పక్షమువారు వధువు తండ్రికి ఓలి చెల్లించెడివారు. అది రొక్కముగాను, ఎద్దులుగాను ఉండెడిది. ఇందులో దాగియున్న భావమును మనము మరువరాదు. పని చేయు చేతులు ఒక ఇంటినుండి మరియొక ఇంటికి పోవుచున్నవి కావున, పోగొట్టుకొన్న ఇంటికి ఎద్దులు ఇచ్చి ఆ లోటు తీర్చవలెను. ఆడపిల్ల భారము కాదు, బలము అని ఆ ఆచారము ఒప్పుకొన్నట్లే.

అప్పగింతలనాడు పెండ్లికూతురు ఎద్దు వీపుమీద నిలువబడి, చేతులెత్తి, పుట్టింటిని తలచుకొని రాగము తీసి పాడెడిది. ఆ విలాప గీతమును 'ఢావ్లో' అందురు. తల్లిని, తండ్రిని, అన్నదమ్ములను, ఆడుకొన్న చెట్టును, త్రాగిన నీటిని పేరు పేరున పిలిచి సెలవు తీసికొనుట దాని తీరు. ఈ పాట ఆ క్షణమున ఆశువుగా పుట్టునది కాదు. చిన్ననాటినుండి పెద్ద స్త్రీల వద్ద కూర్చుండి పిల్ల దానిని నేర్చుకొనవలెను. ఏడ్చుట కూడ ఒక విద్యగా నేర్పబడినది! ఆ నిలువబడిన ఎద్దు పాత బిడారునకు మిగిలిన గుర్తు. ఆమె తాతమ్మలు అదే తీరున ఒక బిడారునుండి మరియొక బిడారులోనికి సాగిపోయినారు. కాని వారి దారులు ఎప్పుడో ఒక సంతలోనో, ఒక రేవులోనో కలిసికొనెడివి. స్థిరపడిన తండాలలో ఆ కలయిక లేదు. పుట్టిల్లు ముప్పది మైళ్ల దూరమున ఉన్నచో, తీజ్ పండుగకో, ఎవరైనను చనిపోయినప్పుడో తప్ప తల్లి ముఖము చూచుట లేదు.

కొత్త తండాలో ఆమెకు ఎదురైన మొదటి ప్రశ్న నీరు. నాయక్ తండాకు చోటు చూచునప్పుడు పశువుల మేతను, అడవి దగ్గరతనమును చూచును. బావి పిదప త్రవ్వుకొందము అనును. రాతి నేలలో బావి పడుటకు ఏండ్లు పట్టును. అంతవరకు వాగులో చెలిమె త్రవ్వి, ఊరిన నీటిని చిప్పతో కుండకు ఎత్తుకొని, చుట్టకుదురుమీద పెట్టుకొని నడచుట ఆమె పని. వేసవిలో చెలిమె లోతు పెరుగును, నడక పెరుగును, కుండ మాత్రము సగమే నిండును. ఇంటికి దొరకిన ఆ కొద్ది నీటిలో ముందు దూడకు, తరువాత అత్తమామలకు, పిమ్మట మగనికి, మిగిలినది ఆమెకు. మెట్లు దిగి నీరు ముంచుకొను బావులలో నారికురుపు అను రోగము కాచుకొని యుండెడిది. కాలినుండి పురుగు వెడలునంతవరకు నడచుట కష్టము. నడువనిదే నీరు రాదు. ఆ రోగము మనదేశమున పూర్తిగా అంతరించినదని ప్రపంచారోగ్య సంస్థ ధ్రువీకరించినది 2000 సంవత్సరమున మాత్రమే. లోతు బావులు త్రవ్విన తరువాతనైనను నల్లగొండ నీటికి ఫ్లోరైడు దోషము వదలలేదు. ఆ నీటిని శుద్ధి చేయుటకు 1970ల నాటి శాస్త్రజ్ఞులు కనుగొన్న పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అనియే పేరు వచ్చినది.

రెండవది నేల. చెలక దానంతట అది చెలక కాలేదు. మగవాడు గొడ్డలితో చెట్టు కొట్టును. తుమ్మకంప, రేగు పొదలు కొట్టి కుప్పవేసి కాల్చుట, మోళ్లు పెరుకుట, రాళ్లు ఏరి తట్టలకెత్తి గట్టు వేయుట ఆలుమగలు కలిసి చేయు పని. అందులో ఎక్కువ పాలు ఆడవారిది. ఈనాడు ఆ మెట్టలలో తిరుగువారు చేల చుట్టును నడుమెత్తు రాతి గట్లను చూతురు. ఆ ఒక్కొక్క రాయి ఏదో ఒక స్త్రీ తలపై ఎక్కి దిగినదే. మృగశిర కార్తెలో తొలకరి పడగానే విత్తవలెను. జొన్న, సజ్జ, కొఱ్ఱ తిండికి, కంది, ఉలవ పప్పుకు, పశువులకు, ఆముదము అమ్మకమునకు. ఎఱ్ఱ చెలకలకు ఆముదము తగిన పంట. చాల కాలము ఈ రెండు జిల్లాలు ఆముదములకు పేరుపొందినవి. ఆ గెలలు ఒక్కసారి పండవు. విడతలు విడతలుగా కోసి, ఎండబెట్టి, కొట్టి, చెరగవలెను. అదియు ఆడవారి పనియే. పంట గింజ పట్టిన దినమునుండి అడవి పందులతోను, పక్షులతోను మరియొక యుద్ధము. పసిబిడ్డను మంచెపై పడుకోబెట్టి, వడిసెల త్రిప్పుచు కావలి కాయుట నేర్చుకొనని కోడలు లేదు.

వానలు తప్పిన ఏట ఆమెకు అడవియే ధాన్యాగారము. ఇప్పపువ్వు, సీతాఫలము, తునికి పండ్లు, త్రవ్వి తెచ్చిన గడ్డలు. 1876-78 నాటి మహాక్షామము దక్కనునంతను కుదిపివేసినప్పుడు పశువులే ఆస్తిగా గలవారు ఎంత నష్టపడి యుందురో ఊహింపవచ్చును. అందువలన కరవును దాటుట ఎట్లో అత్తలు కోడండ్రకు ముందుగానే నేర్పెడివారు.

మూడవది బయటి ప్రపంచము. బిడారుల కాలమున మగవారు బేరము చేసెడివారు. తండా స్థిరపడిన తరువాత సంతకు పోవు బరువు చాలవరకు ఆడవారి తలకెక్కినది. కట్టెమోపు, నెయ్యి, తేనె, ఆముదములు నెత్తిన పెట్టుకొని ఊరికి నడచి, అమ్మి, ఉప్పు, మిరప, గుడ్డ కొని చీకటి పడకముందు మరలవలెను. ఇంటిలో మాట గోర్ బోలీ. అక్కడ తల్లి 'యాడి', రొట్టె 'బాటి', నీరు 'పాణి'. సంతలో మాట తెలుగు. కొత్త కోడలు తెలుగును ఎవరి వద్దను చదువుకొనలేదు; తూకములో మోసపోయి, ధరలో తగ్గి, నవ్వులు సహించి నేర్చుకొన్నది. రెండు భాషల నడుమ తండాకు మొదటి దుబాసీ ఆమెయే అనవచ్చును.

ఇక ఆ వేషము. దానిని అలంకారమని మాత్రమే ఎంచుట పొరపాటు. 'ఫేటియా' అను పావడ, 'కాంచళి' అను రవిక, తలపై ముసుగు: వీనిని పిల్ల తన చేతులతో కుట్టుకొనవలెను. వివాహిత అయినదని తెలుపుటకు చెంపల ప్రక్క వెండి 'ఘుగ్రీ', 'టోప్లీ'; మోచేతికి పైన గాజులు. రవికకును, గొలుసులకును కుట్టిన రూపాయి నాణెములు ఆమె సొంత సొమ్ము. గోడలు లేని బిడారులో పెట్టె ఎక్కడ దాచుకొనగలరు? ఒంటిమీదనే దాచుకొనవలెను. ఆ అలవాటు గుడిసెకు కూడ వచ్చినది. కరవు ఏట ఒక్కొక్క నాణెము కుట్టు విప్పి సాహుకారు వద్దకు చేరెడిది. మంచి ఏట మరల కుట్టబడెడిది. కంటికి ఇంపైన ఆ దుస్తు నిజమునకు ఆ ఇంటి ఖాతా పుస్తకము.

ఇంతవరకు చెప్పినది ప్రకృతితో పోరు. దానిని ఆమె గెలిచినది. గెలువలేక పోయినది కాగితముతో పోరు.

అమెరికాలో 1862లో ఒక చట్టము వచ్చినది. అయిదేండ్లు కాపురముండి సాగు చేసినవారికి 160 ఎకరముల నేల ఇవ్వబడునని దాని సారాంశము. ఆ నేల అంతకు ముందు అక్కడి ఆదివాసులది అను సత్యమును ఆ చట్టము పట్టించుకొనలేదు. మరియొక చిత్రమేమనగా, అవివాహితయు, వితంతువు తమ పేరున నేల కోరవచ్చును గాని, భర్తతో కాపురము చేయు ఇల్లాలికి ఆ హక్కు లేదు. అనగా లారా వంటి భార్యలు మోసిన కుండలు, కాచిన పొలము భర్త పేరుననే లెక్కకు వచ్చినవి. ఐనను కుటుంబమునకైనను కాగితము దక్కినది.

ఇక్కడ ఆ కాగితము కుటుంబమునకు కూడ రాలేదు. తండావారు నరికి సాగు చేసిన చెలక పటేలు, పట్వారీ లెక్కలలో సర్కారు బంజరుగానో, గ్రామపు బంచరాయిగానో, దేశముఖు పట్టాగానో ఉండెడిది. ఇరువది ఏండ్లు దున్నిన తరువాత ఒకనాడు ఎవరో వచ్చి ఇది మాది అనినచో చూపుటకు వీరి వద్ద రాతి గట్టు తప్ప మరేమియు లేదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున నిజాం ప్రభుత్వము అడవులకు ఎల్లలు గీచి కట్టుబాట్లు పెట్టుటతో మేతయు, కట్టెయు కూడ అపరాధములైనవి. కట్టెమోపుతో దారిలో పట్టుబడునది మగవాడు కాదు, సంతకు పోవు కోడలు. దీనికి తోడు తిరుగు జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచు చట్టములు బ్రిటిషు ఇండియాలో 1871నుండి వచ్చినవి. నిజాం రాజ్యమునకును ఆ నీడ ప్రాకినది. దేశమంతట ఆ చట్టము రద్దయినది 1952లో.

నేలకోసము తండాలు తిరుగబడిన సందర్భము కూడ ఉన్నది. నాడు నల్లగొండ జిల్లాలోనే చేరియున్న జనగామ తాలూకాలో, ధర్మాపురము లంబాడీలు విసునూరు దేశముఖు ఆక్రమించిన తమ నేలలను తెలంగాణ సాయుధ పోరాట కాలమున మరల దున్నినారు. ఆ తండాకు చెందిన జాటోతు ఠానూ నాయక్ ఆ పోరాటమున 1950లో ప్రాణములు కోల్పోయినాడు. ఆయన పేరు చరిత్రలో నిలిచినది, నిలువవలసినదే. పోరాటకాలమున దళములకు రొట్టెలు కాల్చి పంపిన స్త్రీల పేర్లు మాత్రము పాటలలో కూడ కొన్నియే మిగిలినవి.

స్వాతంత్ర్యానంతరము కౌలు చట్టములు, లావుణీ పట్టాలు వచ్చినవి. కొందరికి మేలు జరిగినది. కాని పట్టాపై వ్రాయబడినది సాధారణముగా ఇంటి మగవాని పేరు. ఆంధ్ర ప్రాంతపు లంబాడీలు అంతకు ముందే షెడ్యూల్డు తెగలలో చేరియుండగా, తెలంగాణవారికి ఆ గుర్తింపు 1976 నాటి సవరణ చట్టము 1977లో అమలులోనికి వచ్చిన తరువాతనే దక్కినది. పాఠశాలలు, వసతి గృహములు, ఉద్యోగములు తండా గడపకు వచ్చుటకు అది ద్వారము తెరచినది. ఆ ద్వారమున ముందుగా నడచినవారు మగపిల్లలు. వారి వెనుక, ఆలస్యముగా, ఆడపిల్లలు.

ఈ నడుమ ఒక విపరీతము జరిగినది. దానిని చెప్పక దాచుట తగదు. ఓలి పోయి కట్నము వచ్చినది. ఎద్దుల విలువ తగ్గినది. చెలక పంట అప్పుల పాలైనది. చదువుకొన్న వరునికి వెల పెరిగినది. ఒకనాడు ఎద్దులు ఇచ్చి తెచ్చుకొన్న చేతులకే ఎదురు సొమ్ము ఇచ్చి పంపవలసిన గతి పట్టినది. ఆ భారమునకు వెరచి దేవరకొండ ప్రాంతపు తండాలలో ఆడ శిశువులను అమ్ముకొనుచున్న సంగతి 1990ల చివర వెలుగులోనికి వచ్చినప్పుడు దేశము దిగ్భ్రమ చెందినది. తల్లులను నిందించుట సులభము. కాని ఆ తల్లుల తాతమ్మలు అడవిని చెలకగా మార్చినవారు. వారి శ్రమకు నేలపై హక్కు, పేరు దక్కియుండినచో వారి మనుమరాలు భారముగా తోచియుండునా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది తండా ఒక్కటియే కాదు.

మరియొక వైపు, వానలను నమ్ముకొన్న నేల చాలక యువ దంపతులు మరల దారి పట్టినారు. పాలమూరు కూలీలు దేశమున ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినారు. వారిలో తండాల జంటలు ఉన్నవి. ముసలివారికి పసిపిల్లలను అప్పగించి, మేస్త్రీ వద్ద ముందుగా సొమ్ము తీసికొని, హైదరాబాదుకో, బొంబాయికో, పూనాకో పోయెడివారు. ఎద్దులు లేవు, పెరికెలు లేవు. మూడు రాళ్ల పొయ్యి మాత్రము మరల వచ్చినది.

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టమును చేసినది. 2005 డిసెంబరు 13వ తేదీ నాటికి అడవి నేలను సాగు చేసికొనుచున్న షెడ్యూల్డు తెగలవారికి, కుటుంబమునకు నాలుగు హెక్టారులకు మించకుండ, హక్కు పత్రములు ఇవ్వవలెనని అది విధించినది. అందులో ఒక చిన్న నిబంధన ఉన్నది. వివాహితుల విషయమున ఆ పత్రము భార్యాభర్తలిద్దరి పేరున ఉమ్మడిగా ఉండవలెను. 1862లో అమెరికా ఇల్లాలికి దక్కని మాట ఇది. ఈ చట్టము క్రింద తెలంగాణలో 2023లో సుమారు నాలుగు లక్షల ఎకరముల పోడు నేలకు పత్రములు పంచబడినవి. చట్టము వచ్చినంతనే అందరికి న్యాయము జరిగినదని చెప్పుటకు లేదు. హక్కు కోరువారు ఇంకను ఉన్నారు. నల్లమలలో తండాలకంటె ముందునుండి అడవిని నమ్ముకొన్న చెంచుల హక్కు ఏమి కావలెనను ప్రశ్న కూడ ఉన్నది. ఒకరి గుడిసె మరియొకరి అడవిని తగ్గించును. లారా కథలోని ఆదివాసుల వలెనే, మన కథలోని చెంచులను కూడ మనము మరువరాదు.

2018లో తెలంగాణ ప్రభుత్వము చేసిన పంచాయతి రాజ్ చట్టముతో వెయ్యికి పైగా తండాలు, గూడెములు స్వతంత్ర గ్రామ పంచాయతులైనవి. పొరుగు ఊరి పేరున ఒక వార్డుగా బ్రతికిన తండా తన పేరున గ్రామమైనది. పదవులలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. ఆ విధముగా ఎన్నికైన సర్పంచులలో కొందరు ఎద్దు వీపుపై నిలువబడి పాడిన స్త్రీలకు మనుమరాండ్రు. వారిలో కొందరి అధికారమును మగలే నడుపుచుండవచ్చును. ఐనను కాగితముపై పేరు వ్రాయబడినది. ఇది చిన్న విషయము కాదు.

కావున ఈసారి దేవరకొండ దారిలోనో, అచ్చంపేట దారిలోనో పోవునప్పుడు ఆ అద్దాల పావడతో పాటు చెలక చుట్టు ఉన్న రాతి గట్టును కూడ ఒక్క క్షణము చూడవలెను. ఆ గట్టున ఎవరి సంతకము లేదు. దానిని పేర్చిన పిల్ల ఈనాడు లేదు. ఆమె మనుమరాలి పేరు పట్టాపై ఉన్నదా, లేదా అని విచారించుటయే ఆమెకు మనము చూపదగిన గౌరవము.